కీళ్లవాత చికిత్సలో మెథోట్రెక్సేట్: వైన్‌బ్లాట్ పరిశోధన, వారానికి ఒక్కరోజు నియమం

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్లవాతం వయసు మళ్లినందువల్ల కలిగే కీళ్ల అరుగుదల కాదు. శరీర రక్షణ వ్యవస్థ దారితప్పి, సొంత కీళ్ల లోపలి పొరపైనే దాడి చేయడం వలన వచ్చే వ్యాధి ఇది. పురుషులలో కంటే స్త్రీలలో అధికం. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచి, ఉదయం లేచిన తరువాత గంటకు మించి బిగుసుకొని ఉండడం దీని ముఖ్య లక్షణం. సకాలంలో చికిత్స జరగనిచో కీళ్లు శాశ్వతంగా వంకరపోతాయి.

నేడు ఈ వ్యాధికి వైద్యులు సాధారణంగా మొదట ఇచ్చే ఔషధం మెథోట్రెక్సేట్. దీని పుట్టుకతో ఒక తెలుగువానికి సంబంధమున్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకొనే అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే రసాయనాలు అక్కడ రూపొందాయి. అమైనోప్టెరిన్‌తో పిల్లల రక్తకేన్సర్ తాత్కాలికంగా తగ్గుముఖం పట్టినట్లు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు అదే సంవత్సరం మరణించారు.

అమైనోప్టెరిన్ కీళ్లవాతానికి కూడా ఉపకరిస్తుందని రిచర్డ్ గుబ్నర్ బృందం 1951లో వెల్లడించినది. అయితే అప్పటికే కార్టిజోన్ వైద్యలోకాన్ని ఆకర్షించినందున ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవారు తక్కువ. కార్టిజోన్ దుష్ఫలితాలు క్రమంగా బయటపడిన తరువాతనే మెథోట్రెక్సేట్ వైపు తిరిగి దృష్టి మళ్లినది.

బోస్టన్ నగర వైద్యుడు మైకేల్ వైన్‌బ్లాట్, ఆయన సహచరులు 1985 మార్చిలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ చరిత్రలో మైలురాయి. ఇతర మందులకు లొంగని 28 మంది రోగులపై 24 వారాలపాటు ఈ పరీక్ష జరిగినది. మొదటి 12 వారాలు కొందరికి మెథోట్రెక్సేట్, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, తరువాత మార్చి ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికి గాని, పరీక్షించే వైద్యునికి గాని తెలియదు. మెథోట్రెక్సేట్ వాడిన కాలంలో వాపు, నొప్పి, ఉదయపు బిగువు స్పష్టంగా తగ్గాయి. కొందరిలో కాలేయ పరీక్షల ఫలితాలలో మార్పులు కూడా కనబడ్డాయి. కీళ్లవాతానికి ఈ మందు వాడకాన్ని 1988లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించినది.

ఆ పరీక్షలో ఇచ్చిన మోతాదు వారం మొత్తానికి 7.5 నుంచి 15 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంత స్వల్ప మోతాదులో ఔషధమైనది ప్రతిదినం వేసుకున్నచో విషమవుతుంది. ఎముకల మజ్జలో రక్తకణాల తయారీ కుంటుపడి, నోటిలో పుండ్లు, జ్వరం, రక్తస్రావం కలిగి ప్రాణాపాయం ఏర్పడుతుంది. ఇటువంటి మరణాలు అనేక దేశాలలో నమోదయ్యాయి.

సరిహద్దు గ్రామాల కుటుంబాలు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. వైద్యుడు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో చెప్పినది, చీటీలో ఆంగ్లంలో వ్రాసినది ఇంటి పెద్దలకు పూర్తిగా అర్థం కాకపోవచ్చు. తమిళంలో ‘సెవ్వాయ్’ అంటే మంగళవారమని, ‘వియాళన్’ అంటే గురువారమని తెలియనివారు మన ఇళ్లలో ఉండవచ్చు. కనుక మాత్ర వేసుకోవలసిన రోజు పేరును ఆసుపత్రిలోనే అడిగి తెలుసుకొని, మందుల కవరుపై తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసుకోవాలి. తోడుగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా తరచుగా పసుపు రంగులోనే ఉంటాయి గనుక రెండింటినీ వేరువేరు డబ్బాలలో ఉంచాలి.

గర్భిణులు, గర్భం కోరుకునేవారు, పాలిచ్చే తల్లులు ఈ మందు వాడరాదు. మద్యం మానుకోవాలి. రక్తం, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు వైద్యుడు చెప్పిన గడువులలో తప్పక చేయించుకోవాలి. జ్వరానికో విరేచనాలకో వేరొక వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు మెథోట్రెక్సేట్ వాడుతున్నట్లు ముందుగా చెప్పాలి. కోట్రైమాక్సజోల్ వంటి మందులు దీనితో కలిసినచో ప్రమాదకరం. గుణం కనబడుటకు కొన్ని వారాలు పడుతుంది గనుక తొందరపడి మోతాదు పెంచరాదు. పొరపాటున ప్రతిదినం వేసుకున్నట్లు తెలిసినచో, బాధ లేకపోయినప్పటికీ మాత్రల అట్టతో సహా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. దీనికి ఫోలినిక్ ఆమ్లమనే విరుగుడు ఉన్నది. అది ఎంత త్వరగా అందితే అంత మేలు.