బిక్కుమళ్ల సంతోష్ బాబు

కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు (మరణం: 2020 జూన్ 15) భారత సైన్యంలో 16 బీహార్ బెటాలియన్ కమాండింగ్ అధికారి, మహావీర చక్ర గ్రహీత. స్వస్థలం తెలంగాణలోని సూర్యాపేట.

కోరుకొండ సైనిక్ స్కూల్లో, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో చదివారు. 2004లో 16 బీహార్‌లో అధికారిగా చేరి, చివరికి అదే బెటాలియన్‌కు సారథి అయ్యారు.

తూర్పు లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో సహా 20 మంది భారత సైనికులు మరణించారు. తుపాకులు పేలలేదు, రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలే ఆయుధాలు. భారత్-చైనా సరిహద్దు ఘర్షణల్లో 1975 తర్వాత ప్రాణనష్టం ఇదే మొదటిసారి.

ఆయనకు భార్య, కూతురు, కొడుకు ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం భార్యను డిప్యూటీ కలెక్టరుగా నియమించింది. 2021 నవంబరు 23న రాష్ట్రపతి చేతుల మీదుగా ఆమె, సంతోష్ బాబు తల్లి మహావీర చక్ర పతకం అందుకున్నారు.