ఒళ్లు నొప్పులు, గంజాయి, మన పిల్లలు

పోలీసు ఉద్యోగాలకి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు పొద్దున్నే మా బడి గ్రౌండుకి వస్తారు. ఒకరోజు పిక్కలు పట్టేసి కూర్చున్నవాడొకడు, "సారూ, గంజాయాకు నూరి రాస్తే నొప్పి లాగేస్తుందంట, నిజమేనా?" అని అడిగాడు. యానాం కూలి పనికి వెళ్లినప్పుడు ఎవరో చెప్పారట. "తప్పురా" అని పంపేశాను. అది జవాబు కాదని ఇంటికొచ్చాక అనిపించింది.

నిజానికి వాడి ప్రశ్న చాలా పాతది. 1839లో కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టరు కీళ్లవాతం రోగులకి గంజాయి బంక ఇచ్చి చూశాడు. నొప్పి తగ్గిందని రాశాడు. ఒక రోగి కాళ్లూ చేతులూ ఎటు పెడితే అటే ఉండిపోయాయనీ రాశాడు. అతని తర్వాత ఇంగ్లండు మందుల షాపుల్లో గంజాయి టింక్చరు చాలాకాలం అమ్మారు. కానీ ఒక సీసాలో ఉన్న బలం ఇంకో సీసాలో ఉండేది కాదు. అది నీళ్లలో కరగదు కాబట్టి సూదిమందుగా కూడా పనికిరాలేదు. ఈలోగా ఆస్పిరిన్ వచ్చింది. 1932లో బ్రిటిష్ మందుల గ్రంథం నుంచి గంజాయిని తీసేశారు.

సర్కారు లెక్క వేరు. 1893లో ఇంగ్లీషు ప్రభుత్వం గంజాయి మీద ఒక కమిషన్ వేసింది. అది 1,193 మంది సాక్షుల్ని విచారించి, మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, పూర్తిగా నిషేధించక్కర్లేదనీ, పన్ను వేసి అదుపులో పెట్టాలనీ తేల్చింది. అప్పట్లో లైసెన్సు గంజాయి పండిన చోట్లలో బాపట్ల తాలూకా సంతరావూరు ఒకటి. అది కొండ కాదు, సముద్రానికి దగ్గర పల్లపు నేల. ఇవాళ గంజాయి అనగానే మన కొండల వైపు వేలు చూపించేవాళ్లు ఈ సంగతి వినాలి.

పన్ను సంగతి మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. రోజంతా వెదురు నరికి, కర్ర మోసి వచ్చినవాడికి జీలుగు కల్లే ఒళ్లునొప్పి మందు. ఆ కల్లు మీద రంప మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. ఆపైన సర్కారు ఆబ్కారీ గుత్తేదార్లని దింపింది. 1879 రంప పితూరీకి ఉన్న కారణాల్లో ఇదొకటి. మన చెట్టు నుంచి మనం తాగడానికి ఇంకొకడి అనుమతి కావలసి వచ్చింది.

యానాం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల ఊరు. ఇంగ్లీషు చట్టం దాని పొలిమేర దగ్గర ఆగిపోయేది. శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలకి జనం అక్కడికే పరుగెత్తారు, అందుకే కళ్యాణపురం అన్న పేరు పడింది. (మంచి పేరే, పని మంచిది కాదు.) ఉప్పు, నల్లమందు విషయంలో మాత్రం ఇంగ్లీషువాళ్లు 1815 ఒప్పందంతోనే ఫ్రెంచివాళ్లని కట్టేశారు. ఇప్పటికీ ఆ వంతెన దాటితే మందు ధర మారుతుంది. గంజాయి చట్టం మారదు.

ఆ చట్టం 1985లో వచ్చింది. 20 కిలోలు దాటితే 10 నుంచి 20 ఏళ్ల కఠిన జైలు, లక్షకి తగ్గని జరిమానా. బెయిలు దొరకడం మహా కష్టం. పెట్టుబడి పెట్టేవాడు మైదానంలోనో, వేరే రాష్ట్రంలోనో ఉంటాడు. మూట మోసేది మన కుర్రాడు, దొరికేదీ వాడే. 2021లో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు తగలబెట్టారు. కాల్చిన గంజాయికి లెక్క చెప్పారు. జైళ్లలో మగ్గుతున్న మన పిల్లల లెక్క ఎవరు చెబుతారు?

ఇక పిక్కల సంగతి. అలవాటు లేని పని చేస్తే కండలో సన్నని చిరుగులు పడతాయి. నొప్పి ఆ రోజు కంటే రెండో రోజు, మూడో రోజు ఎక్కువ. కొండ ఎక్కినప్పటి కంటే దిగినప్పుడే పిక్కలు ఎందుకు పట్టేస్తాయో మన అమ్మమ్మల్ని అడగండి, బరువుతో సంతకి దిగినవాళ్లు కదా. దిగేటప్పుడు కండ సాగుతూ బరువు ఆపాలి, అందుకే ఎక్కువ చిరుగుతుంది. అది తనంతట తనే మానుతుంది. గంజాయి ఆ మానడాన్ని తొందర పెడుతుందని గట్టి రుజువు లేదు. నొప్పి తెలియకుండా చేస్తే చెయ్యొచ్చు, కానీ నొప్పి తెలియని కాలితో పరుగెత్తితే దెబ్బ పెద్దదవుతుంది. 2021లో అమెరికా పరుగురాణి షకారీ రిచర్డ్‌సన్ పరీక్షలో గంజాయి బయటపడి నెల రోజుల నిషేధానికి గురైంది, టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తలేకపోయింది. అంతటామెకే ఆ గతి. సెలక్షన్‌కి వెళ్లే మనవాడి మీద ఒక్క కేసు పడితే ఉద్యోగం ఆశ అక్కడితో ఆఖరు.

మర్నాడు ఆ కుర్రాణ్ణి పిలిచి ఇదంతా చెప్పాను. వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసుకోమన్నాను. మా అమ్మ ఇచ్చిన ఇప్పనూనె గోరువెచ్చగా చేసి రాసుకోమన్నాను. రెండు రోజులు పరుగు మాని నడవమన్నాను. "ఇప్పనూనెకి కేసు లేదు కదా సారూ" అన్నాడు నవ్వుతూ. నాలుగో రోజు మళ్లీ గ్రౌండులో కనిపించాడు.