మెడ కండరాల దీర్ఘకాలిక నొప్పికి తక్కువ శక్తి లేజర్ చికిత్స – ఉద్దానం ప్రాంతంలో దీని ప్రాధాన్యం

(నేపథ్య వ్యాసం)

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని అక్కుపల్లి, ఉద్దానం తీర గ్రామాలలో ఒకటి. ఈ ప్రాంత ప్రజల జీవనోపాధి పనులలో అధిక భాగం మెడపై భారము మోపునవే. తీర గ్రామాలలో మహిళలు చేపల గంపలను తలపై మోయుదురు. కొబ్బరి దింపు కార్మికులు తల పైకెత్తి పని చేయుదురు. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలలో పిక్కలు కొట్టువారు, పప్పుపై పొర తీయువారు, గ్రేడింగ్ చేయువారు గంటల తరబడి తల వంచి కూర్చుండవలసి యుండును. వీరిలోనూ మహిళలే అధికం. మెడ నుండి భుజము వరకు వ్యాపించు ఇట్టి నొప్పి మూడు నెలలు దాటినచో దానిని దీర్ఘకాలిక నొప్పిగా వైద్యులు పరిగణించెదరు.

నొప్పి ఎచ్చటనైనను నొప్పియే. అయితే ఉద్దానంలో దానికి వాడు మందు విషయమై ప్రత్యేక జాగ్రత్త అవసరము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా కలదు. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రము, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడినవి. వ్యాధికి మూలకారణం ఇదియేనని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. కావున నొప్పి మాత్రలే ఉద్దానం వ్యాధికి కారణమని వ్రాయుట సరికాదు. కాని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండాలకు రక్త ప్రసరణను కాపాడు ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించునన్నది వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయం. ఎండలో చెమటోడ్చి, తగినంత నీరు త్రాగని వ్యక్తికి ఈ ప్రమాదం మరింత అధికం. మూత్రపిండాలు ఇదివరకే దెబ్బతిన్నవారు ఇట్టి మాత్రలను వైద్యుని సలహా లేనిదే వాడరాదు. డైక్లోఫెనాక్ మాత్రలు షెడ్యూల్-హెచ్ క్రిందకు వచ్చును. వీటిని వైద్యుని చీటీ లేకుండ విక్రయించుట నిబంధనలకు విరుద్ధం.

ఈ దృష్ట్యా, మందుతో నిమిత్తం లేని చికిత్సలపై అవగాహన అవసరము. వాటిలో ఒకటి తక్కువ శక్తి లేజర్ చికిత్స. శస్త్రచికిత్సలలో కణజాలమును కోయు లేజరుకు, దీనికి సంబంధం లేదు. ఇది కోయదు, కాల్చదు. మెడపై నొక్కినపుడు నొప్పి కలుగు బిందువులపై స్వల్ప శక్తి గల కాంతిని కొద్ది సమయం ప్రసరింపజేసెదరు. కణములలోని మైటోకాండ్రియా ఈ కాంతిని గ్రహించుట, వాపు తగ్గుట, నొప్పిని మోయు నాడుల వేగం మందగించుట దీని పనితీరుకు శాస్త్రజ్ఞులు చెప్పు కారణములు. 1967లో బుడాపెస్టులో ఎండ్రే మెస్టర్ ఎలుకలపై చేసిన ప్రయోగాలతో ఈ పరిశోధనకు నాంది పలికినట్లు చెప్పబడును. ప్రస్తుతం దీనిని ‘ఫోటోబయోమాడ్యులేషన్’ అనియు పిలుచుచున్నారు.

మెడ నొప్పి విషయంలో ప్రధాన ఆధారం 2009లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఆస్ట్రేలియాకు చెందిన రోబర్టా చౌ బృందం ప్రచురించిన సమీక్ష. 16 పరీక్షలను, మొత్తం 820 మంది రోగుల ఫలితాలను ఈ బృందం పరిశీలించినది. దీర్ఘకాలిక నొప్పి గలవారిలో, 100 మిల్లీమీటర్ల కొలబద్దపై, ఉత్తుత్తి చికిత్స పొందినవారి కంటె సగటున సుమారు 20 మిల్లీమీటర్ల మేర నొప్పి అధికంగా తగ్గినది. చికిత్స ముగిసిన పిదప 22 వారముల వరకు ఉపశమనం నిలిచినది. ఇది చెప్పుకోదగిన ఫలితమే గాని, నొప్పి సమూలంగా పోయినట్లు కాదు. పరీక్షకు సగటున 51 మంది మాత్రమే యున్నారన్న సంగతిని కూడ పాత్రికేయులు గమనింపగలరు.

కాంతి తరంగదైర్ఘ్యం, మోతాదు సరిగా లేనిచో ఫలితం ఆశింపరాదు. సదరు సమీక్ష ప్రకారం 820–830 నానోమీటర్ల కాంతికి ఒక్కొక్క బిందువు వద్ద 0.8 నుండి 9 జౌళ్ల శక్తి, 15 నుండి 180 సెకనుల వ్యవధి ఫలప్రదం. 904 నానోమీటర్ల కాంతికి 0.8 నుండి 4.2 జౌళ్లు, 100 నుండి 600 సెకనులు. ఆసుపత్రులకు పరికరం కొనుగోలు చేయు అధికారులు ధర కంటె ముందు ఈ అంకెలను సరిచూచుట మంచిది. పరారుణ కాంతి కంటికి కానరాదు. కావున రోగి, చికిత్సకుడు ఇరువురును తగిన రక్షణ కళ్ళద్దాలు ధరింపవలెను. క్యాన్సరు గడ్డలపైన, మెడ ముందు భాగంలోని థైరాయిడ్ గ్రంథిపైన ఈ కాంతిని ప్రసరింపజేయరాదు.

ఇక ఆచరణలోని చిక్కు వేరు. చౌ బృందమే 2006లో ప్రకటించిన మరియొక పరీక్షలో 90 మంది పాల్గొనగా, 7 వారములలో 14 పర్యాయములు చికిత్స చేయబడినది. అక్కుపల్లిలోని ఒక మహిళ పలాసకు పదునాలుగు మార్లు రావలెనన్నచో ఆటో ఖర్చు అటుంచి, ఆ దినముల కూలియు పోవును. మాత్ర అయినచో కిళ్ళీకొట్టు దూరంలోనే లభించును. చికిత్స గ్రామానికి ఎంత చేరువలో యుండునన్నదే దీని ఉపయోగమును నిర్ణయించును. ఫిజియోథెరపిస్టు నేర్పు మెడ, భుజముల వ్యాయామములకు పరికరం అక్కరలేదు. ఒకసారి నేర్చినచో ఇంటివద్దనే చేసికొనవచ్చును. లేజరు ఉన్నను లేకున్నను వీటిని మానరాదు. పని నడుమ అప్పుడప్పుడు లేచి మెడ కదల్చుటకు జీడి పరిశ్రమల యాజమాన్యములు వీలు కల్పించినచో అదియు ఉపకరించును.

చేతులలో బలము తగ్గుట, తిమ్మిరి, నడక తడబడుట, జ్వరము, కారణం లేకుండ బరువు తగ్గుట వంటి లక్షణములు మెడ నొప్పితో కూడి యున్నచో లేజరు చికిత్సకు గాక, ముందుగా వైద్యుని వద్దకు వెళ్ళవలెను. అట్లు వెళ్ళినపుడు ఇంతవరకు ఏ నొప్పి మాత్ర ఎన్నాళ్లు వాడినదీ తెలుపవలెను. మాత్రల అట్టను వెంట తీసికొని పోవుట సులువైన మార్గము.