సవర వాచకం – మన పిల్లలు

తొలి పుస్తకంలో ఎవరి మాట కనిపిస్తుందో వారినే పసివాడు గౌరవిస్తాడు. ఈ సత్యం గ్రహించిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరిన పంతులుగారు కొండ దిగి వచ్చే సవరల మాటలు విని, పట్టుదలతో వారి భాష నేర్చుకొన్నారు. ఆనాడు ఆ భాషకు లిపి లేదు. తెలుగు లిపిలో సవర వాచకాలు, కథల పుస్తకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడి పెట్టి సవర పిల్లలచేత చదివించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడగా పర్లాకిమిడీ, మన నారాయణపట్నా అందులో చేరాయి. పంతులుగారు రాజమండ్రి తరలిపోయారు. మనం ఇక్కడ ఉన్నాం. మన ఇంట తెలుగు, బడిలో ఒడియా, సంతలో కువి.

2007లో ఒడిశా ప్రభుత్వం చిన్న తరగతులలో 10 గిరిజన భాషలలో చదువు ప్రారంభించింది; అందులో కువి ఒకటి. కోదు పిల్లలకు తమ మాట పుస్తకంలో దొరికింది. మరి మన పిల్లల పుస్తకంలో వారి మాట ఉన్నదా?

ఈ ఉగాదికి మన సంఘం ఒక చిన్న పుస్తకం వేయించాలి. ప్రతి తెలుగు మాట ప్రక్కన ఒడియా మాట, కువి మాట ఉండాలి; కువి మాటలు కోదు పెద్దలనే అడిగి వ్రాసుకోవాలి. సంతలో విన్న మాట అచ్చులో చదివిన పిల్లవాడు దానిని వెక్కిరించడు.