మెరక ఎక్కించి చూసినాకే బేరం

మంట దగ్గరికి జరగండి పిల్లోళ్ళారా. మన పక్క బండి కొనడమంటే ఎంత పనో, మేము మొదటి పికప్పు ఎట్లా కొన్నామో చెప్తా, వినండి.

మా నాయన కాలంలో బండి అంటే ఎద్దుల బండే. మంచి ఎద్దులు కావాలంటే ముళబాగిలు పక్క ఆవని జాతరకు పోయేది. శివరాత్రి వచ్చిందంటే రామలింగేశ్వరుడి గుడి చుట్టూ చూపు ఆనినంత దూరం పశువులే. బేరగాళ్ళు తువ్వాల కింద వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకొనేది, పక్కనోడికి తెలిసేది గాదు. మా నాయన పళ్ళు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, సుళ్ళు చూసేవాడు. అన్నీ నచ్చినా రొంటిన దోపిన డబ్బు బయటికి తీసేవాడు గాదు. “కాడి గట్టు” అనేవాడు. బండిలో నలుగురిని ఎక్కించి, మెరక మీదికి తోలించి, దిగేటప్పుడు ఎట్లా ఆపుకుంటాయో చూసేవాడు. ఆ తర్వాతే ధర మాట.

ఇంక మా అన్న సంగతి. మీకు పెద్దతాత. ఆయన కేజీఎఫ్‌లో చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో ఫిట్టరు. ఆ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. మనుషులను దింపేదీ, రాయిని పైకి ఎత్తేదీ వైండింగ్ ఇంజను. 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు లాగి మిషన్లు నడిపిన ఊరు అది. ఆడ ఒక బేరింగు అరిగినా, ఒక బ్రేకు పట్టు తప్పినా కింద ఉన్నోళ్ళ ప్రాణాలకే మోసం. అందుకని అన్న ఇనుప కడ్డీ ఒక కొస మిషను మీద పెట్టి, ఇంకో కొస చెవికి ఆనించి వినేవాడు. పైకి అంతా నున్నగా తిరుగుతా ఉన్నా, లోపల ఏది అరిగిందో చెప్పేసేవాడు.

2001 ఫిబ్రవరి 28న గని మూసేసినారు. వందేళ్ళకు పైగా నడిచిన గని. దాంతో ఊరు ఊరే కూలబడింది. కొందరు మారికుప్పం రైలెక్కి బెంగుళూరుకు పనికి పోబట్టిరి. తెల్లారకముందు పోయి చీకటి పడినాక వచ్చేది, పిల్లల మొగాలు ఆదివారమే చూసేది. మా అన్న మాత్రం బేతమంగళం పక్క మన ఊరికి వచ్చేసె. నాకు బోరు కింద టమోటా ఉండె. ఇద్దరమూ కలిసి సేద్యం పట్టినాము.

టమోటా పండించడం ఒక కష్టమైతే, కోలారు మండీకి చేర్చడం ఇంకో కష్టం. మన కోలారు మండీ ఎంత పెద్దదో మీకు తెలుసు. ఈడినుంచి కాయ ఢిల్లీ దాకా పోతుంది. లెక్కంతా 15 కిలోల బాక్సు మీదే. పొద్దున వేలానికి కాయ మండీలో ఉండాల. మాకు సొంత బండి లేదు. బాడుగ బండోడు నాలుగు తోటల కాయ ఎత్తుకొని మా గట్టుకు వచ్చేసరికి పొద్దెక్కేది. మండీకి పోయేసరికి మంచి ధర పెట్టే వ్యాపారి లోడు కట్టుకొని వెళ్ళిపోయి ఉండేవాడు. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు కట్టి పెంచిన కాయ, బండి ఆలస్యంతో అగ్గువకు పోయేది. ఆ బాధ పడినోడికే తెలుస్తుంది.

అట్లాంటప్పుడే టాటా ఏస్ వచ్చింది, 2005లో. మన కేజీఎఫ్ తమిళోళ్ళు దాన్ని కుట్టి యానై అంటారు. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, 702 సీసీ, 16 హార్స్‌పవరు. ముందుకు నాలుగు గేర్లు, వెనక్కు ఒకటి. 750 కిలోలు మోసే బండి, అంటే మన లెక్కలో 50 బాక్సులు. లారీ దూరలేని తోట దారిలో గట్టు దాకా వచ్చేసేది. దాని బరువు 3,000 కిలోల లోపు గాబట్టి పర్మిటు గూడా అక్కర్లేదు. కొత్తది కొనే తాహతు మాకు లేదు. రెండు మూడేళ్ళకు పాతవి బేరానికి రాబట్టె. అప్పుడు అన్నా నేనూ బయలుదేరినాము.

మొదట చూసిన బండి మాలూరు పక్కది. కొత్త పెయింటు, అద్దానికి పూలదండ, సీటుకు కొత్త కవరు. చూస్తానే నాకు మనసు పడింది. అన్న పెయింటు దిక్కే చూడలే. సీటు ఎత్తినాడు. ఏస్‌కు ఇంజను సీటు కిందే కదా. చెయ్యి పెట్టి చూస్తే అప్పటికే వేడిగా ఉంది. “మేము వస్తామని ముందే స్టార్టు చేసి పెట్టినారా?” అని అడిగినాడు. చల్లటి ఇంజను ఒక్క తిప్పుకు పలకాల. పొద్దున్నే స్టార్టు కానిదాన్ని ముందే వేడి చేసి చూపిస్తారు. తర్వాత జేబులోంచి అయస్కాంతం తీసి డోరు మీద పెట్టినాడు. పెట్టిన చోట పట్టుకోలే. రేకు సొట్టలకు పుట్టీ పూసి పైన రంగు కొట్టినారు. ఆ ఇంటాయన ఇచ్చిన కాఫీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేసినాము. ఆయన మీద నిష్ఠూరం ఏమీ ఆడలే.

ఇంకొకటి బంగారపేట దగ్గర చూసినాము. రంగు వెలిసిన బండి. బంపరు ఒక పక్క వంగింది. టమోటా రసం కారి కారి వెనక బాడీ పలక అక్కడక్కడ తుప్పు తినింది. నాకు నచ్చలే. అన్న మాత్రం ఇంజను మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని తల ఊపినాడు. తాళం తిప్పితే ఒక్క పట్టుకే పలికింది. కొంచెం తెల్ల పొగ వచ్చి పోయింది, చలికాలం పొద్దున అది మామూలే. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతా ఉన్నట్టు. లాగేటప్పుడు నల్ల పొగ దట్టంగా వస్తే డీజిలు సరిగా కాలడం లేదని. ఆయిలు పోసే మూత తీసి చూసినాడు. ఆడినుంచి పొగ బుస్సుమని తన్నితే లోపల రింగులు అరిగినట్టు. ఈ బండికి తన్నలే. పొడుగాటి స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి, మొన ఇంజనుకు పెట్టి, కళ్ళు మూసుకొని విన్నాడు. గనిలో మిషను దగ్గర ఎట్లా నిలబడేవాడో అట్లే.

తర్వాత క్లచ్చి. హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్చి మెల్లిగా వదిలినాడు. ఇంజను దబ్బున ఆగిపోయింది. ఆగితేనే మంచిది. ఆగకుండా గుర్రుమంటా తిరిగితే ప్లేటు అరిగిపోయినట్టు. గేర్లు ఒక్కొక్కటే వేసి చూసినాడు. రెండో గేరులో పల్లానికి వదిలి, యాక్సిలేటరు మీద కాలు చటుక్కున తీసినాడు. అరిగిన గేరు డబ్బా అయితే గేరు రాడ్డు దానంతట అదే న్యూట్రల్‌కు ఎగిరి వస్తుంది. మొగిలి ఘాటు దిగేటప్పుడు లోడు మీద అట్లా ఎగిరిందనుకోండి, బండిని పట్టే ఇంజను బలం పోయి అంతా బ్రేకు మీదే పడుతుంది. ఘాటు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని మన డ్రైవర్లు చెప్పేది అందుకే.

అయినా అన్న ధర అడగలే. “లోడు వేసి చూస్తాము” అన్నాడు. అమ్మే ఆయన ఆశ్చర్యపోయినాడు గానీ, మనసున్న మనిషి, ఒప్పుకొన్నాడు. పక్క తోటలో బాక్సులు అడిగి నింపుకొని, మెరక రోడ్డు పట్టినాము. సగం మెరకలో అన్న బండి ఆపేసినాడు. మళ్ళీ ఫస్టు గేరులో ఎత్తినాడు. వెనక్కి జారకుండా, క్లచ్చి కాలిన వాసన రాకుండా, చిన్నగా మూలుగుతా ఎక్కేసింది. కాడి గట్టమన్న మా నాయన మాట నాకు ఆ మెరక మీదే పూర్తిగా అర్థమయింది.

కాగితాలు చూసిందాకా అడ్వాన్సు ఇవ్వలే. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును ఆర్సీ బుక్కుతో సరిపోల్చినాము. చాసిస్‌కు యాడైనా చీలిక ఉందా, వెల్డింగు పెట్టినారా అని కింద పడుకొని చూసినాము. 750 కిలోల బండికి రెండింతలు ఎక్కిస్తే ఆడే విరుగుతుంది. ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, ట్యాక్సు తేదీలు చూసినాము. ఆర్సీలో ఫైనాన్సు పేరు ఉంటే, బాకీ తీరిందని ఫారం 35 మీద వాళ్ళ సంతకం కావాల, ఎన్‌ఓసీ కావాల. పేరు మారేదానికి ఫారం 29, ఫారం 30. ఈ సంతకాలు తెచ్చుకోకుండా నమ్మకం మీద బండి తోలుకొచ్చినోళ్ళు, పాత ఓనరు బాకీకి బండినే పోగొట్టుకోవడం నేను కళ్ళారా చూసినాను.

బండి ఇంటికి వచ్చినాక కురుడుమలె గణపతికి పోయి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించినాము. ఆ మరుసటి పంటకు మా కాయ వేలానికి ముందే మండీలో దిగింది. అన్న మన దొడ్లో రేకుల షెడ్డు వేసి చుట్టుపక్కల బండ్లు చూడబట్టె. గని మూతపడి చేతులు ముడుచుకొని కూర్చున్న ఇండ్ల పిల్లోళ్ళను పిలిచి, క్లచ్చి ప్లేటు మార్చడం, పంపు టైమింగు పెట్టడం నేర్పినాడు. బంగారం భూమిలోనే ఆగిపోయింది గానీ, నూరేండ్ల పనితనం వాళ్ళ చేతుల్లో బతికింది. ఈ పొద్దు మండీ దగ్గర పికప్పులు బాగుచేసేవాళ్ళలో ఆయన దగ్గర నేర్చినోళ్ళు ఉన్నారు, ఇండ్లు కట్టుకొని పిల్లలను చదివిస్తా ఉన్నారు.

ఇప్పుడు గేరు వేసే పనిలేని బండ్లు వస్తా ఉన్నాయి, కరెంటు బండ్లు వస్తా ఉన్నాయి. రానీ. ఏది కొన్నా మీరు మోయించబోయే బరువును అది మోస్తుందో లేదో మీ కళ్ళతో చూసి, మీ చెవితో విని కొనండి. తెల్లారినాక మన బండి సీటు ఎత్తుతా. మీరు ఒక్కొక్కరే వచ్చి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకొని వినండి. మంచి ఇంజను శబ్దం ఎట్లా ఉంటుందో ముందు తెలిస్తేనే చెడ్డది చెవికి పట్టుబడుతుంది.