డీవీడీ తాళం – లైనక్స్ సాఫ్ట్‌వేర్: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

డీవీడీలోని చలనచిత్రాన్ని కంప్యూటర్‌లోకి తీసుకోవడాన్ని 'రిప్పింగ్' అనీ, దాని పరిమాణాన్ని తగ్గించి వేరొక రూపంలోకి మార్చడాన్ని 'ఎన్‌కోడింగ్' అనీ వ్యవహరిస్తారు. ఈ పనులకు లైనక్స్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంతో ఉంది. అయితే డిస్కు తాళం తీసే భాగాన్ని మాత్రం వాడుకరి సాధారణంగా విడిగా తెచ్చుకోవలసి వస్తుంది. ఈ విభజనకు మూలం సాంకేతికతలో కన్నా న్యాయవివాదంలో ఉందని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

2. తాళం – తాళంచెవి:

డీవీడీ 1996లో జపాన్ విపణిలో ప్రవేశించింది. చిత్రనిర్మాణ సంస్థలు డిస్కులోని దృశ్యాలను 'సీఎస్ఎస్' అనే గూఢలిపి పద్ధతితో బంధించాయి. దాని తాళంచెవి పొడవు 40 బిట్లు మాత్రమే. అనుమతి పొందిన తయారీదారులకే ఆ చెవులు అందేవి. లైనక్స్‌కు అటువంటి ప్లేయర్ అందుబాటులో లేనందున, డబ్బు చెల్లించి కొన్న డిస్కును సైతం ఆ వాడుకరులు చూడలేకపోయారు.

1999 అక్టోబరులో 'డీసీఎస్ఎస్' వెలువడింది. నార్వేకు చెందిన 15 ఏళ్ల యోన్ లెక్ యొహాన్సెన్, పేర్లు వెల్లడించని మరో ఇద్దరు దీని రూపకర్తలు. అనుమతి ఉన్న ఒక ప్లేయర్‌లో తాళంచెవి రక్షణ లేకుండా ఉండిపోవడం వారికి దారి చూపింది.

3. రచనా? పరికరమా?:

2000 జనవరిలో హాలీవుడ్ సంస్థలు, డీసీఎస్ఎస్‌ను ప్రచురించిన '2600' పత్రికపై న్యూయార్క్‌లో దావా వేశాయి. కోడ్ కూడా భావవ్యక్తీకరణేనని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ టురెట్స్కీ సాక్ష్యమిచ్చారు. సేత్ షోన్ అదే విధానాన్ని హైకూలుగా రచించారు. ఒక పద్ధతిని కవితగా చెబితే సాహిత్యం, కోడ్‌గా రాస్తే నేరం కాగలదా అన్న ప్రశ్న దీనితో ముందుకు వచ్చింది. కోడ్ భావవ్యక్తీకరణేనని న్యాయమూర్తి లూయిస్ కప్లాన్ అంగీకరించారు. అయినా అది పనిచేసే పరికరం కూడా కనుక దాని వ్యాప్తిని నిషేధించవచ్చునని ఆగస్టులో తీర్పు ఇచ్చారు. 2001లో అప్పీలు కోర్టు దానిని సమర్థించింది. నార్వేలో ఇందుకు భిన్నంగా జరిగింది. సొంతంగా కొన్న డిస్కును చూడటం నేరం కాదని 2003 జనవరిలో ఓస్లో కోర్టు యొహాన్సెన్‌ను నిర్దోషిగా ప్రకటించింది. డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా ఆ నిర్ణయాన్నే నిలిపింది.

4. సాఫ్ట్‌వేర్ నిర్మాణంపై ప్రభావం:

పారిస్ విద్యార్థుల కృషిగా మొదలైన వీడియోల్యాన్ ప్రాజెక్టు నుండి 'లిబ్‌డీవీడీసీఎస్‌ఎస్' వచ్చింది. ఇది అరువు తెచ్చుకున్న ఒకే చెవిపై ఆధారపడక, అవసరమైన చెవిని లెక్కకట్టి రాబట్టగలదు. ట్రాన్స్‌కోడ్, ఎంఎన్‌కోడర్, హ్యాండ్‌బ్రేక్ వంటివి ఎన్‌కోడింగ్ బాధ్యతను స్వీకరించాయి. 4.7 లేదా 8.5 గిగాబైట్ల డిస్కులోని చిత్రాన్ని 700 మెగాబైట్ల సీడీలో ఇమడ్చడం ఆనాటి వాడుకరుల ప్రధాన ఆశయం. నేటికీ హ్యాండ్‌బ్రేక్ తాళం తీసే భాగాన్ని తనతో పంపిణీ చేయదు. డెబియన్ కూడా దానిని నేరుగా అందించక, వాడుకరి కంప్యూటర్‌లోనే తయారుచేసే ఏర్పాటును మాత్రమే ఇస్తుంది.

5. ముగింపు:

భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీయడమే శిక్షార్హం. అంటే తాళం తీసే చర్యతోపాటు దాని వెనుక ఉన్న ఉద్దేశం కూడా ఇక్కడ విచారణకు వస్తుంది. డిస్కుల ఆధారంగా తెలుగు సినిమాను అధ్యయనం చేసే పరిశోధకులకు ఈ భేదం కీలకమైనది. అమెరికా తీర్పు పరికరాన్ని చూసింది, నార్వే తీర్పు వాడుకరి హక్కును చూసింది. లైనక్స్ సాఫ్ట్‌వేర్ ఈ రెండింటి మధ్య తన భాగాలను విడదీసుకొని మనుగడ సాగించింది.