పత్రికపై పేరు - 1867 నుండి కృత్రిమ మేధ వరకు

వార్తాపత్రిక చివరి పుటలో అడుగున ఒక చిన్న పంక్తి ఉంటుంది. ముద్రాపకుడెవరు, ప్రచురణకర్త ఎవరు, ఎక్కడ అచ్చయింది, సంపాదకుడెవరు అన్నది అందులో ఉంటుంది. దాన్ని చదివేవారు అరుదు. అయితే ఆ పంక్తికి ఒకటిన్నర శతాబ్దాల చరిత్ర ఉంది.

1867 నాటి 25వ చట్టం దానిని తప్పనిసరి చేసింది. పత్రిక నడిపేవాడు మేజిస్ట్రేటు ఎదుట హాజరై, ఇది తనదేనని వాఙ్మూలం ఇవ్వాలి. 1922లో సంపాదకుని పేరు కూడా ప్రతి సంచికపై ఉండాలన్నారు. ఇది పాఠకుని మేలు కోరి చేసిన పని అనుకుంటే పొరపాటే. పదేళ్ల క్రితమే 1857 తిరుగుబాటు జరిగింది. ఆ జూన్‌లో కానింగ్ ప్రభుత్వం అనుమతి లేనిదే ముద్రణాలయం నడపరాదని శాసించింది. సెప్టెంబరులో ఢిల్లీ తిరిగి ఆంగ్లేయుల చేజిక్కగా 'దెహ్లీ ఉర్దూ అఖ్బార్' నడిపిన మౌల్వీ ముహమ్మద్ బాఖర్‌ను చంపివేశారు. రాసినవాణ్ణి పట్టుకోవటానికి పేరు కావలసివచ్చింది. కాని ఆ నిబంధన వల్లనే, ఈ మాట ఎవరిదని అడిగే హక్కు పాఠకునికీ దక్కింది.

పేరు పెట్టి రాయటానికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో హైదరాబాదు చూసింది. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ నిజాం రాజ్యం భారత యూనియన్‌లో చేరాలని రాశారు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తుండగా దుండగులు ఆయనపై కాల్పులు జరిపి చేయి నరికారు. మర్నాడు ఆయన కన్నుమూశారు. ఆ చేయి రాసింది ఎవరి మాటో అందరికీ తెలుసు.

ముస్లిం విద్వాంసులకు ఈ విషయం కొత్తది కాదు. హదీసువేత్తలు ఉల్లేఖనంతో పాటు ఉల్లేఖకుణ్ణి కూడా పరిశీలించేవారు. అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది, నిజాయితీపరుడేనా, ఎవరి నుండి విన్నానంటున్నాడో వారిని నిజంగా కలిశాడా అని ఆరా తీసేవారు. ఎవరో తెలియనివాణ్ణి 'మజ్‌హూల్' అన్నారు. వార్తను హదీసుతో సమానం చేయటం ఇక్కడి ఉద్దేశం కాదు. చెప్పినవాడెవరో తెలియకుండా మాటను తూచలేమన్న ఎరుక మాత్రం రెండు చోట్లా ఒకటే.

2022 నవంబరు నుండి అమెరికాలో సీనెట్ అనే వార్తాసంస్థ డబ్బు వ్యవహారాలపై 77 వ్యాసాలను యంత్రం చేత రాయించి, 'సిబ్బంది' పేరిట ప్రచురించింది. విమర్శలు వచ్చాక 2023 జనవరిలో పరిశీలిస్తే వాటిలో 41 వ్యాసాలకు సవరణలు అవసరమయ్యాయి. వడ్డీ లెక్క కూడా తప్పింది! అదే ఏడాది నవంబరులో 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్'కు సంబంధించి మరింత విడ్డూరం బయటపడింది. కొన్ని వ్యాసాల రచయితలకు పేరు, ముఖచిత్రం, జీవిత పరిచయం అన్నీ ఉన్నాయి. ఆ మనుషులే లేరు. పేరులేని వార్తకన్నా ఇది ప్రమాదకరం. మజ్‌హూల్ ఉల్లేఖకుడు కనీసం అనుమానం పుట్టిస్తాడు, కల్పిత ఉల్లేఖకుడు నమ్మకం పుట్టిస్తాడు.

ఇక చట్టం సంగతి. పరువునష్టం నేరంలో నిందితుని ఉద్దేశాన్ని, ఎరుకను చూస్తారు. యంత్రానికి అవి లేవు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షను మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది. అది ఇతరుల సమాచారాన్ని తాము ఎంపిక చేయక, మార్చక అందించేవారికి ఉద్దేశించినది. వాక్యాన్ని తానే కూర్చే యంత్రం ఆ నీడన నిలబడగలదా అన్నది వివాదాస్పదం. 2024 నవంబరులో ఏ.ఎన్.ఐ. వార్తాసంస్థ ఓపెన్ఏఐపై ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. తన వార్తలను అనుమతి లేకుండా వాడుకున్నారన్నది ఒక ఫిర్యాదు. తాను చెప్పని మాటలను తనకు అంటగట్టారన్నది మరొకటి. మొదటిదానిపైనే చర్చ ఎక్కువగా సాగింది. పాఠకునికి సంబంధించినంతవరకు రెండోదే బరువైనది.

1867 చట్టం స్థానంలో 2023 నాటి కొత్త నమోదు చట్టం 2024 మార్చి 1న అమలులోకి వచ్చింది. అది అచ్చు పత్రికల కోసం చేసినది. పుట అడుగున పంక్తి అలాగే ఉంది; పైనున్న వార్తలో ఎంత భాగం మనిషిది, ఎంత యంత్రానిదన్నది ఆ పంక్తి చెప్పదు.